వినోదం కోసం జంతువును వేటాడటం సమర్థనీయమేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీ మిత్రుడొకరు డబ్బు చెల్లించి, అక్కడి ప్రభుత్వ అనుమతితో ఆఫ్రికాలో వేటకు వెళుతున్నారు. మిమ్మల్నీ తోడు రమ్మంటున్నారు. చట్టం ఒప్పుకుంటోంది, మాంసం వృథా కాదు, కట్టిన సొమ్ము వన్యప్రాణుల రక్షణకే పోతుంది, పైగా మాంసం తినేవాళ్లకు వేటను తప్పుపట్టే హక్కు ఎక్కడిది అని ఆయన వాదిస్తున్నారు. ఆ వాదనలో లోపం ఎక్కడుందో మీకు దొరకడం లేదు, అయినా మీ మనసు ఒప్పుకోవడం లేదు.

వన్యప్రాణులకు వైద్యం చేయడం నా వృత్తి. తుపాకీ దెబ్బ తిన్న జంతువులకు చికిత్స చేశాను, చనిపోయినవాటికి శవపరీక్షలు చేశాను; వేటగాళ్లతోనూ, వేటను పూర్తిగా నిషేధించాలనేవారితోనూ చాలాకాలం కలిసి పనిచేశాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను: వినోదం కోసం ప్రాణం తీయడం తప్పు. అయితే మీ మిత్రుడు చెప్పినవన్నీ అబద్ధాలు కావు. వాటిలో కొన్ని వేట వ్యతిరేకులు వినడానికి ఇష్టపడని నిజాలు, వాటిని దాటవేసి ఇచ్చే సమాధానం మీకు అక్కరకు రాదు.

వేట అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూయిట్ ప్రజలు సీల్‌ను చంపేది ఆహారం కోసం. తోడేళ్లు అంతరించిపోయిన చోట దుప్పులు విపరీతంగా పెరిగి, మొలకెత్తిన ప్రతి మొక్కనూ మేసేసి, అడవిని ముసలి చెట్ల గుంపుగా మారుస్తున్నప్పుడు అటవీశాఖ సిబ్బంది కొన్నింటిని కాల్చేది సంఖ్యను అదుపు చేయడం కోసం. ఈ రెండింటిలోనూ చంపడం ఒక అవసరానికి మార్గం; ఆ అవసరం వేరే విధంగా తీరితే చంపవలసిన పని ఉండదు. మూడవదైన క్రీడావేటలో మాత్రం చంపడమే గమ్యం. దుప్పి తనంతట తాను చచ్చి పడివుంటే ఆకలిగొన్నవాడు సంతోషిస్తాడు, అటవీ అధికారి లెక్క రాసుకుంటాడు, క్రీడావేటగాడు మాత్రం నిరాశపడతాడు. మీ మిత్రుడు మొదటి రెండు పనులకు చెందిన సమర్థనలను తెచ్చి మూడవదానికి తొడుగుతున్నారు, మీకు దొరకని లోపం అదే.

నా అభ్యంతరానికి అసలు మూలం ఇంకొకటి ఉంది. క్రీడకూ కరుణకూ ఇక్కడ పొసగదు. ఏ ఆటలోనైనా రుచి కష్టంలోనే ఉంటుంది. ఓడిపోయే అవకాశం లేనిదాన్ని ఎవరూ ఆట అనరు. వేటలో గురి తప్పే అవకాశమే ఆ కష్టం, గురి తప్పితే ఆ భారం మోసేది జంతువు. ఒక జంతువును చంపక తప్పని పరిస్థితి వస్తే నేను కోరుకునేది రాత్రివేళ, దగ్గరనుంచి, వేడిని పసిగట్టే దుర్భిణి బిగించిన రైఫిల్‌తో, శబ్దం అణచే గొట్టం వాడి, మేస్తూ నిలబడి ఉన్న జంతువును దానికి తెలియకుండానే మెదడులో కాల్చగల శిక్షితుడైన ఉద్యోగిని. అందులో సాహసం లేదు, పోటీ లేదు, చెప్పుకోవడానికి కథ కూడా లేదు. కానీ జంతువు పడే బాధ అన్నిటికంటే తక్కువ. ఇందులో దేన్ని మార్చి దీనిని క్రీడగా చేయాలన్నా, అంటే దూరం పెంచినా, రైఫిల్ బదులు విల్లు పట్టినా, పరుగెత్తే జంతువును ఎంచుకున్నా, ఆ మార్పు బాధను పెంచే వైపే పోతుంది.

ఈ మాట గాలిలో తేలిపోకుండా కొంచెం వివరంగా చెప్పాలి. తూటా తగిలిన చోట నేలమీద పడిన రక్తాన్ని చూసి, దెబ్బ ఎక్కడ తగిలిందో అనుభవజ్ఞుడైన వేటగాడు చెప్పగలడు. లేత ఎరుపు రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులు, చిక్కని ముదురు ఎరుపులో ఉంటే కాలేయం. రక్తం తక్కువగా ఉండి, దానితో పాటు సగం జీర్ణమైన పచ్చటి మేత, దుర్వాసన ఉంటే దెబ్బ పొట్టలోనో పేగుల్లోనో తగిలిందని అర్థం. ఈ చివరి సందర్భంలో మంచి వేటగాడికి నేర్పే నియమం ఏమిటంటే, వెంటనే వెంబడించకూడదు, కొన్ని గంటలు ఆగాలి. వెంబడిస్తే అది బెదిరి, జాడ దొరకనంత దూరం పోతుంది. వదిలేస్తే దగ్గరలోనే ఎక్కడో పొదలో పడుకుంటుంది. నియమం సరైనదే. కానీ ఆ గంటలన్నీ ఆ జంతువు కడుపులో చీలిన పేగులతో, స్పృహతో ఉంటుంది. నేను కోసి చూసిన అలాంటి కళేబరాల్లో కడుపు కుహరమంతా చీము పట్టినవి ఉన్నాయి. అవి గంటల్లో కాదు, రోజుల్లో చచ్చినవి.

గుండెలో తగిలితే బాధ తక్కువ కదా అంటారు. నిజమే, అయినా గుండె పగిలిన దుప్పి కూడా పదుల మీటర్లు పరుగెత్తి పడిపోతుంది. తక్షణ మరణం మెదడుకు తగిలిన దెబ్బతోనే సాధ్యం, ఆ లక్ష్యం చాలా చిన్నది. కొద్దిగా కిందికి జారితే దవడ విరుగుతుంది, ఆ జంతువు తినలేక, తాగలేక క్రమంగా శుష్కించి చస్తుంది. ఇక్కడ మీ మిత్రుడు ఆలోచించవలసిన విషయం ఒకటుంది. గోడకు తగిలించే తల కావాలనుకున్న వేటగాడు ఎంత నేర్పరి అయినా తలను గురిచూడడు. పుర్రె పగిలితే కొలతలకు పనికిరాదు, ముఖచర్మం చెడితే బొమ్మ కట్టలేరు. తక్షణ మరణానికి ఉన్న ఒకే ఒక దారిని జ్ఞాపిక కోసం ముందే మూసేస్తారు.

గాయపడి తప్పించుకున్న జంతువుల లెక్క ఏ వేట లెక్కల్లోనూ పూర్తిగా ఎక్కదు. అందుకే డెన్మార్క్ పరిశోధకులు 1990లలో చేసిన పని నాకు విలువైనదిగా కనిపిస్తుంది. వాళ్లు గులాబీ కాళ్ల అడవి బాతులను బతికుండగానే పట్టి ఎక్స్‌రే తీశారు. వయసొచ్చిన పక్షుల్లో సుమారు మూడింట ఒక వంతు ఒంట్లో తుపాకీ రవ్వలతో ఎగురుతున్నాయి. ఆ తర్వాత అక్కడి వేట సంఘాలు కూడా కలిసివచ్చి, కాల్చే దూరం తగ్గించుకోవాలని సభ్యులకు నేర్పాయి. గాయాల నిష్పత్తి గణనీయంగా తగ్గింది. వేటగాళ్లలో బాధ్యత ఉన్నవారు లేరని నేను అనడం లేదని చెప్పడానికే ఈ రెండో భాగాన్ని కూడా రాశాను. కానీ తగ్గించిన మార్గం ఏమిటో గమనించండి: దూరాన్ని, అంటే కష్టాన్ని తగ్గించడం.

వేటగాళ్ల నీతిలో ఎక్కువ గౌరవం పొందేది న్యాయమైన వేట అనే భావన. అమెరికాలో 1887లో ఏర్పడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వంటి సంస్థలు దానిని ప్రచారం చేశాయి. కంచెలో బంధించిన జంతువును కాల్చకూడదు, దానికి తప్పించుకునే అవకాశం ఉండాలి అనేది దాని సారం. దీని వెనుక ఉన్న సంస్కారాన్ని నేను గౌరవిస్తాను. దక్షిణాఫ్రికాలో పంజరాల్లో పెంచిన సింహాలను ఆవరణలోకి వదిలి డబ్బున్నవాడి చేత కాల్పించే వ్యాపారాన్ని తోటి వేటగాళ్లే అసహ్యించుకోవడానికి ఈ భావనే కారణం, ఆ వ్యాపారం గురించి ఇంతకుమించి చర్చించవలసింది కూడా లేదు. కానీ న్యాయం అనే మాట ఇద్దరూ ఒప్పుకుని దిగిన పోటీకి వర్తిస్తుంది. జంతువు ఈ పోటీకి ఒప్పుకోలేదు, దాని నియమాలు దానికి తెలియవు, గెలిచినా దానికి దక్కేది అంతకుముందు తనకు ఉన్న ప్రాణమే.

పాండురాజు కథ మనందరికీ తెలిసిందే. జింక రూపంలో ఉన్న కిందమ ముని బాణం తగిలి చనిపోతూ శపించాడని గుర్తుంటుంది గానీ, ఆయన చేసిన వాదన చాలామందికి గుర్తుండదు. రాజులు జింకలను చంపడం ధర్మమేనని పాండురాజు అంటే, చంపినందుకు నిన్ను నిందించడం లేదు, జత కూడిన వేళ ఆగకపోవడమే నీ తప్పు అని ముని బదులిస్తాడు. వేటను అనుమతించే నేటి చట్టాలు చాలావరకు ఆ ముని వాదన దగ్గరే నిలిచాయి: ఈనే కాలంలో చంపవద్దు, పిల్లతల్లిని చంపవద్దు, ఇన్నిటికి మించి చంపవద్దు. ఇవన్నీ ఎప్పుడు, ఎలా, ఎన్ని అనే ప్రశ్నలకు మంచి జవాబులు. మీరు అడిగింది అసలు ఎందుకు అన్న ప్రశ్న. చట్టం అనుమతిస్తోంది అనే జవాబు దానికి అతకదు.

పులి, తోడేలు చేసే పనే మనిషీ చేస్తున్నాడనే వాదన మీ మిత్రుడు ఇంకా ఎత్తినట్టు లేదు, కానీ తప్పక ఎత్తుతారు. తోడేలుకు ప్రత్యామ్నాయం లేదన్నది ఒక జవాబు. దానికంటే ముఖ్యమైనది, ట్రోఫీ వేటగాడు, అంటే తలనో కొమ్ములనో జ్ఞాపికగా తెచ్చుకోవడానికి వేటాడేవాడు, తోడేలు చేసే పని చేయడం లేదు. తోడేలుకు ఎక్కువగా చిక్కేవి కూనలు, ముసలివి, రోగంతో ఉన్నవి. ట్రోఫీ వేటగాడు ఎంచుకునేది నిండు వయసులో ఉన్న, అన్నిటికంటే పెద్ద కొమ్ములున్న మగదాన్ని. కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రంలో రామ్ పర్వతం మీది బిగ్‌హార్న్ గొర్రెలను సుమారు ముప్పై ఏళ్లు గమనించి 2003లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద కొమ్ముల పొట్టేళ్లను ఏరి చంపుతూ పోయినకొద్దీ ఆ మందలో కొమ్ముల పరిమాణం వంశపారంపర్యంగానే తగ్గుతూ వచ్చిందని తేలింది. వేటగాడు దేన్ని మెచ్చి చంపాడో ఆ గుణమే జాతిలోంచి తగ్గిపోతోంది. సింహాల విషయంలో నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. గుంపును కాపాడే మగసింహం పోతే కొత్త మగవి వచ్చి, ఆడవి త్వరగా ఎదకు రావడం కోసం ఉన్న కూనలను చంపేస్తాయి. అనుమతి పత్రంలో ఒక సింహం అని రాసి ఉంటుంది; అడవిలో తగ్గేది ఒకటి కాదు. ఈ కారణంగానే ఆరేళ్ల వయసు నిండిన మగవాటిని మాత్రమే వేటాడాలనే నియమం వచ్చింది. మొజాంబిక్‌లోని నియాసా వంటి చోట్ల అది కొంత పనిచేసింది కూడా. టాంజానియాలో మాత్రం సింహాలు ఎక్కువగా తగ్గిన ప్రాంతాలకూ అతిగా సాగిన ట్రోఫీ వేటకూ సంబంధం ఉందని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఇక డబ్బు సంగతి. మీ మిత్రుడి వాదనలో అన్నిటికంటే బలమైనది ఇదే, దీనిని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. నమీబియా 1996లో చట్టం మార్చి, తమ భూముల్లో తిరిగే వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయం పొందే హక్కును గ్రామ సముదాయాలకు ఇచ్చింది. అంతవరకు పంటను తొక్కే శత్రువుగా కనిపించిన ఏనుగు ఆ తర్వాత ఊరి ఆస్తి అయింది. ఆ సముదాయాల్లో చాలావాటికి వేట రుసుములే తొలి ఆదాయం. అందమైన దృశ్యాలు, దారులు, వసతిగృహాలు లేని పొడి నేలల్లోకి పర్యాటకులు రారు, వచ్చినా అందుకు మరెన్నో ఏళ్లు పడుతుంది. వేటను ఒక్కసారిగా ఆపితే చాలా సముదాయాలు కాపలాదారుల జీతాలు కూడా ఇచ్చుకోలేవని అక్కడి లెక్కల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. పాకిస్తాన్ కొండల్లో మార్ఖోర్ మేకలది ఇలాంటి కథే. కొద్దిపాటి అనుమతులను చాలా పెద్ద మొత్తాలకు అమ్మి, అందులో 80 శాతం స్థానికులకే ఇవ్వడంతో, ఒకప్పుడు వాటిని చంపి తిన్నవాళ్లే కాపలాకు నిలబడ్డారు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో దాని స్థానం 2015లో మెరుగైంది.

దీనికి ఎదురుగా కెన్యాను పెట్టి చూడండి. అక్కడ 1977లోనే వేటను నిషేధించారు. ఆ తర్వాతి నలభై ఏళ్లలో ఆ దేశపు పచ్చికబయళ్లలో వన్యప్రాణుల సంఖ్య దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. నిషేధం వల్లనే పడిపోయిందని నేను అనను. పెరిగిన జనాభా, పశువుల మందలు, కంచెలు, సాగులోకి వెళ్లిన భూమి అసలు కారణాలు. కానీ తుపాకీ దించితే చాలు అడవి బతుకుతుంది అనుకోవడం ఎంత పొరపాటో అది చూపిస్తుంది. జంతువుకు వేటగాడికంటే పెద్ద శత్రువు నాగలి. ఊరివాడి పొలాన్ని ఏనుగులు తొక్కుతుంటే, మేకను చిరుతపులి ఎత్తుకుపోతుంటే, ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో చెప్పకుండా దూరాన ఉన్న నగరాల నుంచి నిషేధం అడగడం ఇతరుల ఖర్చుతో పుణ్యం సంపాదించుకోవడమే. బోట్స్వానా 2014లో వేటను ఆపి 2019లో మళ్లీ తెరవడానికి గ్రామాల్లో పేరుకున్న ఈ అసంతృప్తి ఒక ముఖ్య కారణం.

అయితే ఈ నిజాలన్నీ మీ మిత్రుడి పనిని మంచిపనిగా మారుస్తాయా? 2014 జనవరిలో నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతిని అమెరికాలోని డాలస్ నగరపు వేట సంఘం వేలం వేస్తే 3,50,000 డాలర్లు పలికింది. ఎంచుకునేది సంతానోత్పత్తి వయసు దాటి, వయసులో ఉన్న ఇతర ఖడ్గమృగాలకు ప్రమాదంగా మారిన ముసలి మగదాన్ని. క్రీడావేటకు ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు. ఆ సొమ్ముకు వేరే దారి లేనప్పుడు, అది నిజంగా రక్షణకే చేరుతున్నప్పుడు, ఆ అనుమతిని రద్దు చేయమని నేను నమీబియా ప్రభుత్వాన్ని అడగను. కానీ ఒక పేద దేశం గత్యంతరం లేక ఒప్పుకున్న బేరాన్ని సహించడం వేరు, ఆ బేరంలో డబ్బు పెట్టి చావును కొనుక్కునేవాడి కోరికను మెచ్చుకోవడం వేరు. మొదటిది విధానానికి సంబంధించిన ప్రశ్న, రెండవది మనిషికి సంబంధించినది. మీ మిత్రుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: అదే మొత్తం అదే గ్రామానికి నేరుగా ఇచ్చి, జంతువును కాల్చకుండా తిరిగి రాగలరా? రాగలిగితే రక్షణే ఆయన కారణం. రాలేకపోతే రక్షణ ఆయన పనికి కలిగిన ఒక మంచి ఫలితమే తప్ప, ఆయన వెళ్లడానికి కారణం కాదు. కాబట్టి దాన్ని సమర్థనగా చూపే హక్కు కూడా ఆయనకు లేదు.

మాంసం తినేవాళ్ల మీద ఆయన వేసిన నింద గురించి నేను దబాయించి మాట్లాడను. ఇరుకు కొట్టాల్లో కదలడానికి చోటు లేకుండా పెరిగి చచ్చే కోడి కంటే, స్వేచ్ఛగా తిరిగి, ఒక్క తూటాకు పడిపోయిన దుప్పి మెరుగైన జీవితం గడిపింది. ఈ మాట కాదనేవాళ్లు కోళ్ల కొట్టం చూడనివాళ్లు. అయితే ఈ పోలిక ఆ కొట్టాలను సంస్కరించాలని చెబుతుంది, ఆహారం కోసం జరిగే వేటను కొంత సమర్థిస్తుంది. వేల మైళ్లు ప్రయాణించి కొమ్ముల కొలత చూసి చంపడాన్ని సమర్థించదు. ఒక హింసలో మనకు భాగం ఉన్నంతమాత్రాన ఇంకో హింసను తప్పు అనే అర్హత పోతుందంటే, లోకంలో ఏ తప్పునూ ఎవరూ వేలెత్తి చూపలేరు.

వేటగాళ్లలో నేను నిజంగా అభిమానించేది ఒకటుంది: అడవిని వాళ్లు చదివే తీరు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నడవడం, పెంట ఎంత తాజాదో పట్టి చూడటం, అడుగుజాడ అంచు విరిగిన తీరునుబట్టి జంతువు ఎంతసేపటి క్రితం వెళ్లిందో చెప్పడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. చాలామంది అటవీశాస్త్ర పట్టభద్రులకు ఈ చదువు లేదు. కానీ ఈ విద్య మొత్తం తుపాకీ పేలడానికి ముందే పూర్తవుతుంది. చంపకుండా ఆ అనుభవం ఇస్తామంటూ మత్తుసూది తుపాకీతో ఖడ్గమృగాన్ని పడగొట్టే వేటలు కూడా కొన్నిచోట్ల అమ్మారు. వైద్యుడిగా వాటినీ నేను ఒప్పుకోను. వాటికి వాడే ఎటార్ఫిన్ మందు ఖడ్గమృగం శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేస్తుంది. చికిత్స కోసమో, రక్షణ కోసమో తీసుకోవలసిన ఆ ప్రమాదాన్ని ఒకరి ఫోటో కోసం తీసుకోకూడదు.

మీకు నా సలహా, వెళ్లవద్దు. మీ మనసు ఒప్పుకోకపోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. మీ మిత్రుడు ఎలాగైనా వెళతానంటే, కనీసం బయలుదేరేముందు వేట ఏర్పాటు చేసేవారిని కొన్ని విషయాలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోమనండి. ఏడాదికి ఎన్ని అనే కోటాను ఎవరు, ఏ గణన ఆధారంగా నిర్ణయించారు? రుసుములో గ్రామానికి చేరేదెంత, ఆ లెక్కను గ్రామసభ చూస్తుందా? జంతువు వయసును ఎవరు నిర్ధారిస్తారు, చిన్నదని తేలితే శిక్ష ఏమిటి? ఆ నేల చుట్టూ కంచె ఉందా, జంతువు అక్కడే పుట్టిందా, కొనితెచ్చి వదిలారా? గాయపడిన జంతువును వెతకడానికి శిక్షణ పొందిన కుక్క, జాడ తీసే మనిషి వెంట ఉంటారా, దొరకకపోతే దానిని చంపినట్టే లెక్కలో రాస్తారా? విల్లు, బాణం వద్దని గట్టిగా చెప్పండి. 2015లో జింబాబ్వేలో హ్వాంగే జాతీయ వనం పక్కన, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడపట్టీ కట్టి గమనిస్తున్న సెసిల్ అనే సింహం బాణం దెబ్బ తిని గంటల తరబడి బతికే ఉంది. తూటాలు సీసానివి కాకుండా రాగివి తీసుకోమనండి. సీసపు తూటా శరీరంలో పొడిపొడిగా చిట్లుతుంది. అడవిలో వదిలేసిన పేగులను తిన్న రాబందులు ఆ సీసంతో విషమెక్కి చస్తాయి. 1987లో లోకం మొత్తం మీద 27 మాత్రమే మిగిలి, ఎంతో శ్రమతో మళ్లీ పెంచుకున్న కాలిఫోర్నియా కాండర్లనే భారీ రాబందులను ఇప్పటికీ ఎక్కువగా చంపుతున్నది ఆ విషమే. అందుకే ఆ రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని ఏర్పాటుదారుడు ఎంత పేరున్నవాడైనా, ఎన్ని అనుమతి పత్రాలు చూపించినా, మీ మిత్రుడు ఒక్క రూపాయి కూడా ముందుగా కట్టకూడదు.